ఊరి కోసం ఇంటిని వదిలేశాడని మా నాన్నను పొగుడుతున్నారు

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం చెబుతాను.

రాసినావిడకు నలభై ఒక్కేళ్లు. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాన్నగారు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. అమ్మగారు ఏఎన్ఎంగా, అంటే ఊళ్లో టీకాలు వేసే ప్రభుత్వ నర్సుగా చేశారు. పది నెలల కిందట, డెబ్బై ఒకటో ఏట, నాన్నగారు గుండెపోటుతో పోయారు. ఊళ్లో ఆయనకు మంచి పేరు. గుంటూరు పెద్దాసుపత్రికి ఎవరిని తీసుకెళ్లినా, రక్తం కావాలంటే ముందు ఫోన్ వెళ్లేది ఆయనకే. తుపాను వస్తే తీరం ఊళ్ల నుంచి తరలించినవాళ్లకు స్కూల్లో అన్నాలు వండించేవారు. దిక్కులేని శవానికి దహనం చేయించేవారు.

పెద్దకర్మ అయ్యాక ఊరివాళ్లు సంతాప సభ పెట్టారు. మైకు పట్టుకున్నవాళ్లలో సగం మంది ఒకటే మాట అన్నారట: "ఇంటిని, పెళ్లాం పిల్లల్ని పట్టించుకోకుండా ఊరి కోసం బతికిన మహానుభావుడు." జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న అమ్మగారు లేచి ఇంటికి వెళ్లిపోయారు.

"అమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయేది. నాకు రెండు జడలు వేసి బడికి పంపింది నాన్నే. స్తంభాలెక్కి కాయలు కాచిన చేతులు, కానీ చిక్కు తీస్తే నొప్పి తెలిసేది కాదు. రిబ్బను ముడి మాత్రం లైన్‌మన్ ముడే, సాయంత్రం అమ్మ కత్తెరతో కోయాల్సి వచ్చేది. అన్నయ్యకు టైఫాయిడ్ వస్తే సెలవు పెట్టి జ్వరం తగ్గేదాకా మంచం పక్కనే ఉన్నారు. అలాంటి మనిషి మమ్మల్ని పట్టించుకోలేదని చెబితే అది పొగడ్త ఎలా అవుతుంది?" అని అడిగారు.

ఇప్పుడు ఏడాది దగ్గర పడుతోంది. బస్టాండు సెంటర్లో విగ్రహం పెట్టి, సభ జరిపి, స్మృతి సంచిక వేస్తామని కొందరు కమిటీగా ఏర్పడ్డారు. ఈవిడను సంచికకు వ్యాసం రాయమన్నారు, సభలో మాట్లాడమన్నారు. వాట్సాప్‌లో పంపిన ఫ్లెక్సీ నమూనాలో అదే వాక్యం పెద్దక్షరాల్లో ఉంది. అమెరికా పౌరసత్వం తీసుకుని డాలస్‌లో స్థిరపడిన అన్నయ్య, "నాన్న పేరు మీద ట్రస్టు పెడదాం, డబ్బు నేను పంపిస్తా, నువ్వు నడిపించు" అంటున్నాడు. అమ్మ మాత్రం ఇవేవీ వద్దు, ఇంట్లో ఆబ్దికం పెట్టుకుని ఊరుకుందాం అంటోంది. నాన్న ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. ఒక రాత్రి పదకొండింటికి ఎవరో కుర్రాడు భార్య కాన్పుకి రక్తం కావాలని చేస్తే, నాన్న లేరని చెప్పారట. అతను "సారీ అక్కా" అని పెట్టేశాడు. నిద్ర పట్టక, నాన్న డైరీ తీసి, ఒంటిగంటకు దాతను వెతికిపెట్టారు. అప్పటి నుంచి ప్రతి ఫోన్‌కీ ఈవిడే పలుకుతున్నారు.

ఉత్తరం చివర్లో రెండు విషయాలు కాస్త తడబడుతూ రాశారు. తన పెళ్లిచూపుల రోజు నాన్న మధ్యలో లేచి ఆసుపత్రికి వెళ్లిపోయారు, అమ్మ ఆ రాత్రి బాగా తిట్టింది. "ఇది రాసినందుకు నాన్న నన్ను క్షమించాలి" అన్నారు. రెండోది, 1977 ఉప్పెన తర్వాత తానూ నాన్నగారూ కలిసి దివిసీమ వెళ్లామని సంతాప సభలో ఒక పెద్దాయన చెప్పేదాకా ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదట. "నాకు తెలిసిన నాన్న ఎవరు, ఊరికి తెలిసిన ఆయన ఎవరు? నేనేం రాయాలి, ఎవరికేం చెప్పాలి?"

అమ్మా,

మీరు అడిగిన వాటిలో ముందుగా తేల్చాల్సింది ఆ వాక్యం సంగతి. విగ్రహం, ట్రస్టు తర్వాత. మన సభల్లో ఇది ఒక అలవాటు. సేవ చేసినవాడిని గొప్పవాడని చెప్పాలంటే అతనికి ఇల్లు లేనట్టు చెప్పాలి. మాట్లాడినవాళ్లకు మీ మీద కోపమేమీ లేదు. వాళ్లు ఆయన్ను ఎప్పుడూ గుమ్మం బయటే చూశారు. అర్ధరాత్రి ఆసుపత్రి మెట్ల మీద కనిపించినవాడు ఇంటిని గాలికొదిలేసి వచ్చాడనుకున్నారు. ఆ సాయంత్రం పిల్లలకు అన్నం పెట్టి, లెక్కలు చెప్పి, పడుకోబెట్టి వచ్చాడని వాళ్లకేం తెలుసు?

అయితే అమ్మగారు లేచి వెళ్లింది పిల్లల్ని పట్టించుకోలేదన్న మాట విన్నందుకు మాత్రమే కాదేమోనని నా అనుమానం. ఆయన రాత్రిళ్లు తిరగగలిగాడంటే ఇంట్లో ఆవిడ ఉంది కాబట్టి. ఆవిడ పొద్దున్నే డ్యూటీకి వెళ్లగలిగిందంటే ఇంట్లో ఆయన ఉన్నాడు కాబట్టి. ఇద్దరూ వంతులు వేసుకుని నడిపిన సంసారం అది. ఆ ఒక్క వాక్యం ఆయన దగ్గర నుంచి తండ్రితనాన్నీ, ఆవిడ దగ్గర నుంచి సగం సేవనూ తీసేసుకుంది. ఊళ్లో సగం మంది పిల్లలకు టీకాలు వేసిన మనిషి వెనక వరసలో కూర్చుంటే ఆవిడ పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. ఏమీ అనుకోకండి, ఇంత పొడుగు ఉత్తరంలో మీరూ అమ్మ గురించి రాసింది నాలుగైదు వాక్యాలే.

పెళ్లిచూపుల సంగతి రాసినందుకు క్షమాపణ అక్కర్లేదు. ఆయన ఆ రోజు వెళ్లడం నిజం. మీకు చిన్నతనం అనిపించడం, అమ్మకు ఒళ్లు మండడం కూడా నిజం. జడలు వేసిన రోజులతో పోలిస్తే అలా వెళ్లిన రోజులు ఎన్ని అన్నది మీ ఇంటికి తెలిసిన లెక్క. "పట్టించుకోలేదు" అనే అబద్ధాన్ని ఎదుర్కోవడానికి "ఎప్పుడూ ఏ లోటూ రానివ్వలేదు" అనే ఇంకో అబద్ధం రాయకండి. మీ మనసులో ఇప్పుడు అటువైపు మొగ్గు కనిపిస్తోంది.

ఇక ఆ ఫ్లెక్సీ. మీరు ఏమీ అనకుండా వదిలేయొచ్చు. గొడవ ఉండదు, కానీ ఏటా వర్ధంతికి అదే మాట వినాలి, అమ్మ ఏటా ఇంట్లోనే ఉండిపోతుంది. సభలో మీ వంతు వచ్చినప్పుడు నిలబడి ఖండించవచ్చు. మనసు తేలికపడుతుంది, కానీ ఇష్టంతో మాట్లాడినవాళ్లు అందరి ముందు తలదించుకోవాలి. నాన్నగారి మనుషులే రేపు మొహం చాటేస్తారు. మూడోది, కమిటీలో మీ ఇంటితో చనువున్న ఒకరిని టీకి పిలిచి, అమ్మ ముందే చెప్పడం: "బాబాయ్, ఆ మాట మాకు కష్టంగా ఉంది, మార్చండి." నూటికి తొంభై మంది వింటారు. వాళ్లు ఇంకో వాక్యం అడుగుతారు కాబట్టి సిద్ధంగా ఉంచుకోండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ, రక్తదానం అన్న మాటా ఉంటే చాలు. విశేషణాలు వద్దు.

విగ్రహం విషయంలో నా మొగ్గు దాచను, నాకు ఇష్టం లేదు. అది పక్కన పెడదాం. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. అయినా పెడుతూనే ఉన్నారన్నది మనకు తెలిసిందే. రేపు రోడ్డు వెడల్పు చేసినప్పుడో, ఎవరైనా కోర్టుకెళ్లినప్పుడో విగ్రహానికి గోనెసంచి కట్టి పక్కకు తీస్తే చూడాల్సింది అమ్మ. ఇంకోటి, మన సెంటర్లలో విగ్రహం లేచీ లేవగానే "ఎవరివాళ్లు?" అని కులం అడుగుతారు. మీ నాన్నగారు డైరీలో రాసుకున్నది బ్లడ్ గ్రూపులే కదా. కమిటీ పట్టుబడితే, ఎవరైనా దాత సొంత స్థలం ఇస్తే, కాగితాలు సరిగ్గా ఉంటే, అప్పుడు ఆలోచించుకోండి. లేదంటే ఆ డబ్బుతో మీ ఊరి ఆసుపత్రిలో రోగి బంధువులు కూర్చోవడానికి నీడా బెంచీలూ వేయించమనండి. రాత్రిళ్లు అక్కడ నిలబడి కాళ్లు లాగినవాళ్లే ఆ కమిటీలో ఉంటారు, వాళ్లకు వేరే నచ్చజెప్పక్కర్లేదు.

అమ్మ ఇంట్లో చాలంటోంది, ఊరు సభ అంటోంది. ఇందులో మీరనుకున్నంత తగువు లేదు. ఆబ్దికం తిథి ప్రకారం వస్తుంది, వర్ధంతి తేదీ ప్రకారం చేస్తారు. రెండూ ఒకే రోజు పడటం అరుదు. తిథి రోజు ఇంటిది. ఆ రోజు కమిటీ లేదు, ఫొటోలు లేవు, అమ్మ ఎలా అంటే అలా. తేదీ రోజు ఊరిది. ఆ సభకు రావాలా వద్దా అన్నది అమ్మ ఇష్టం, వచ్చి తీరాలని ఎవరూ బతిమాలకూడదు. ఊరికి కూడా ఆయన పోయిన దుఃఖం ఉందమ్మా, దాన్ని మీరు పూర్తిగా ఆపలేరు, ఆపకూడదు కూడా.

వర్ధంతి అంటే రక్తదాన శిబిరం పెడదామని ఎవరో ఒకరు అంటారు. మంచిదే, కానీ తొందరపడకండి. దానం చేసిన ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు. ఒకసారి ఇచ్చిన మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు ఆగాలి. ఊళ్లో ఉన్న దాతలందరినీ ఒకే రోజు పడుకోబెట్టి ఫొటోలు తీసుకుంటే తర్వాత మూడు నెలలు అర్ధరాత్రి ఫోన్‌కు పలికేవాడు మిగలడు. కాలేజీలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లో కటకటగా ఉంటుంది. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు సెలవులుండవు. అందుకని బ్లడ్ బ్యాంకువాళ్లనే "మీకు ఏ నెలలో కావాలి?" అని అడిగి శిబిరం అప్పుడు పెట్టమనండి. వర్ధంతికి రెండు నెలలు అటూ ఇటూ అయితే మీ నాన్నగారు అలిగే మనిషిలా కనిపించడం లేదు.

ఇప్పుడు డైరీ. మీరు పంపిన పేజీ ఫొటో చాలాసేపు చూశాను. పేరు, గ్రూపు, నంబరు, పక్కన చిన్న అక్షరాలతో గమనికలు. "రాత్రయినా పిలవొచ్చు." "భార్యకు చెప్పి పిలవాలి." "సూదంటే భయం, పక్కన ఉండాలి." "కూతురి పరీక్షలు, మార్చిలో వద్దు." నెగెటివ్ గ్రూపులకు ఎర్ర సిరా. ఇంటిని పట్టించుకోని మనిషి ఇంకొకరి కూతురి పరీక్షలు ఎప్పుడో ఎందుకు రాసుకుంటాడు? సంచికకు మీరు రాయాల్సింది ఇక్కడే ఉందనిపిస్తోంది. పుట్టింది ఫలానా ఊళ్లో, చదివింది ఫలానా బళ్లో అంటూ జీవిత చరిత్ర కమిటీ ఎలాగూ వేస్తుంది. మీరు పేర్లూ నంబర్లూ తీసేసి ఈ గమనికలు ఓ ఇరవై వేయండి, మధ్యలో జడల సంగతి, టైఫాయిడ్ సంగతి, అమ్మ ఒప్పుకుంటే పెళ్లిచూపుల సంగతి కూడా. అమ్మ చేత చెప్పించి రాసుకోవడం ఇంకో దారి. ఆయన రాత్రి వెళ్లేటప్పుడు ఆవిడ ఏమనేదో, వచ్చాక ఏం పెట్టేదో ఊరికి తెలియదు. ఆవిడ చెప్పనంటే ఒత్తిడి చేయొద్దు. అసలు ఏమీ రాయకపోయినా తప్పులేదు. ఇంకా ఏడాది కూడా నిండలేదు. వచ్చే ఏడు రాస్తానని చెప్పండి.

దివిసీమ సంగతి మాత్రం వాయిదా వేయకండి. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్ల మీద పడింది. పోయినవాళ్లు పది వేల దాకా అని ప్రభుత్వ లెక్క, చాలా ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. రోజుల తరబడి పొలాల్లో, తుమ్మచెట్లలో చిక్కుకున్న శవాలు తీసి సామూహికంగా దహనం చేశారు. బయట ఊళ్ల నుంచి వెళ్లిన కుర్రాళ్లు చాలామంది చేసిన పని అదే. అప్పటికి మీ నాన్నగారికి ఇరవై మూడేళ్లు. ఆ వయసులో అక్కడ చూసింది, జడలు వేస్తూ ఆడపిల్లకు చెప్పే విషయం కాదు. దాచారని బాధపడుతున్నారు మీరు, మీ దాకా రానివ్వలేదని నాకనిపిస్తోంది. దిక్కులేని శవాలకు దహనం చేయించే అలవాటు అక్కడే మొదలైందా? ఆ పెద్దాయనను అడగండి. ఆయనకూ డెబ్బై దాటి ఉంటాయి. ఈ ఆదివారమే వెళ్లి, ఫోన్‌లో రికార్డు పెట్టి, తొందరపెట్టకుండా మాట్లాడించండి. అన్నయ్యను వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి, అతనికి ట్రస్టు కంటే ముందు ఇది కావాలేమో.

ఫోన్ విషయంలో మిమ్మల్ని కాస్త గట్టిగానే అడగాలి. ఎన్నాళ్లు పలుకుతారు? ఆ రాత్రి మీరు చేసింది మంచి పని. కానీ తెల్లవారితే బ్యాంకు కౌంటర్లో కూర్చోవాలి, పిల్లలకు క్యారేజీ కట్టాలి. నాన్నగారు కూడా ఈ పనికి దిగింది తన ఇష్టంతో. మీకది ఆస్తిలా సంక్రమించదు. మనసులో ఇష్టం ఉంటే చేయండి, ఎత్తకపోతే నాన్నకు ద్రోహం చేసినట్టు అనిపించి చేస్తుంటే మాత్రం ఆరు నెలల్లో ఆ రింగ్‌టోన్ వింటేనే టెన్షన్ వస్తుంది. ఆపేద్దామంటే, రీఛార్జి మానేసి ఊరికే వదిలేయకండి. కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తుంది. బ్యాంకు ఖాతాలకూ, అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌కూ ఆ నంబరు ఎక్కడెక్కడ ఉందో చూసి మార్పించండి. మరణ ధ్రువీకరణ పత్రం చూపిస్తే నంబరు మీ పేరుకో అమ్మ పేరుకో మారుతుంది.

పనిని ఇంకొకరికి అప్పగించడమే మేలనిపిస్తే, ఒక్కరికి కాక నలుగురైదుగురు కుర్రాళ్లకు కలిపి అప్పగించండి. వారానికొకరు ఫోన్ దగ్గర పెట్టుకుంటారు. డైరీ అసలు ప్రతి మీ దగ్గరే ఉంచి నకలు ఇవ్వండి. అంతకు ముందు అందులో ఉన్నవాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నంబరు ఇవ్వొచ్చా అని అడగాలి. వాళ్లు నమ్మింది మీ నాన్నగారిని, ఆ కుర్రాళ్లు వాళ్లకు తెలియదు. 65 దాటినవాళ్లు ఎలాగూ ఇవ్వలేరు, చాలా పేర్లు అక్కడే రాలిపోతాయి. ఒక జాగ్రత్త. 1998 జనవరి 1 నుంచి మన దేశంలో డబ్బు కోసం రక్తం అమ్ముకోవడం నిషేధం. అయినా ఆసుపత్రుల చుట్టూ దళారులు తిరుగుతూనే ఉంటారు. మీ నాన్నగారి నంబరుకు ఉన్న పేరు అలాంటివాడి చేతిలో పడితే పాడవడానికి ఒక్క వారం చాలు. పైసా తీసుకున్నట్టు తెలిస్తే నంబరు వెనక్కి తీసుకుంటామని మొదటి రోజే చెప్పండి. నంబరు మీ పేరు మీద ఉండాలన్నది అందుకే.

అన్నయ్య దగ్గరికి వద్దాం. దూరంగా ఉన్నవాడికి డబ్బు పంపడం ఒక్కటే చేతిలో ఉన్న పని, అతని బాధ అలా బయటికొస్తోంది. కోప్పడకండి. కానీ "డబ్బు నాది, పని నీది" అనే ఏర్పాటు తోబుట్టువుల మధ్య ఎక్కువకాలం నిలవదు. పైగా చట్టం చిక్కు ఉంది. అతను ఇప్పుడు విదేశీ పౌరుడు. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అతను ట్రస్టుకు ఇచ్చే డబ్బు విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సాధారణంగా మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టిన సంస్థ అయి ఉండాలి. నిన్నగాక మొన్న పుట్టిన ట్రస్టుకు అది కుదరదు. ముందస్తు అనుమతి అనే దారి ఒకటుంది, దానికీ కాగితాలు బోలెడు. అన్నగా అతను అమ్మకో మీకో పంపే డబ్బు వేరు. దాన్ని మీ ఖాతా మీదుగా ట్రస్టుకు మళ్లించే తెలివితేటలు మాత్రం ఆడిటర్ని అడక్కుండా చేయకండి, ఇరుక్కునేది ఇక్కడ సంతకం పెట్టిన మీరే.

ట్రస్టు లేకపోతే ఏమీ చేయలేమా? నాన్నగారు ముప్పై ఏళ్లు ట్రస్టు లేకుండానే చేశారు కదా. ఇదే మాట అన్నయ్యతో అనండి, నవ్వుతాడు. తర్వాత అతని చేతికి ఒక నిజమైన పని ఇవ్వండి. డైరీ మొత్తం స్కాన్ చేసి పంపితే పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం, ఎవరు ఎప్పుడు ఇచ్చారో, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో లెక్క కట్టే పట్టిక తయారు చేయడం. సాఫ్ట్‌వేర్ మనిషికి అది శని ఆదివారాల పని. అక్కడ పగలు ఇక్కడ రాత్రి, కుర్రాళ్లకు అర్ధరాత్రి సాయం కావాలంటే మేలుకుని ఉండేది అతనే. ఏడాది ఇలా నడిచాక, ఇంకా ట్రస్టు కావాలనిపిస్తే అప్పుడు లాయర్ దగ్గర కూర్చోండి.

సభలో మాట్లాడగలనా అని చివర్లో అడిగారు. మాట్లాడాలని రూలేమీ లేదు. మాట్లాడితే అయిదు నిమిషాలు చాలు, కాగితం మీద రాసుకుని వెళ్లండి, గొంతు పట్టేస్తే మిగతాది మీ అమ్మాయి చదువుతుంది. డైరీలోంచి నాలుగు గమనికలు, లైన్‌మన్ ముడి, అమ్మ డ్యూటీ టైములు చెబితే ఆ పాత వాక్యం గురించి మీరు ప్రత్యేకంగా ఏమీ అనక్కర్లేదు, విన్నవాళ్లకే తెలుస్తుంది.

ఈలోగా ఒక పని. ఫ్లెక్సీ ప్రింటింగుకి వెళ్లిందంటే ఇక ఎవరూ మార్చరు. ప్రూఫు మీకు చూపించాకే ఇవ్వమని కమిటీకి ఇవాళే ఫోన్ చేయండి.